ముట్టుకోకుండా రాసే మందు: యాంటీబయాటిక్ వాడకంలో తప్పెవరిది?

నాట్ల కాలంలో ఒక సాయంత్రం. పొలం నుంచి వచ్చిన ఒక అక్క ఊరి ఆర్‌ఎంపీ దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ముక్కు కారుతోంది, గొంతు గరగరమంటోంది, ఒళ్లు నొప్పులు, కాస్త వెచ్చగా ఉంది. ఆమె అడిగింది ఒక్కటే. "రేపు పొద్దున పనికి పోవాలె సారూ, జర పవరున్న గోలీ ఇయ్యి." ఒక సూది పడింది. కాగితంలో చుట్టి నాలుగు రకాల గోలీలు ఇచ్చారు. అందులో ఒకటి అజిత్రోమైసిన్. అది కూడా చేతిలో ఉన్న డబ్బులకు సరిపడా రెండే. తెల్లారి ఆమె మళ్లీ పొలంలోనే ఉంది.

పరిశోధన పని మీద వాడల్లో తిరుగుతూ ఇలాంటి సాయంత్రాలు మేము చాలానే చూశాం. ఆ అక్కకు ఉన్నది జలుబు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు, వైరస్‌ను అది ఏమీ చేయలేదు. అంటే ఆమె కూలి డబ్బుల్లో కొంత ఊరికే పోయింది. ఆ రెండు గోలీలు ఆమె పేగుల్లోని బ్యాక్టీరియాలో మందుకు లొంగేవాటిని చంపి, లొంగనివాటికి చోటిచ్చాయి.

ఇదే దృశ్యాన్ని సదస్సుల్లో "ప్రజల్లో అవగాహన లేదు" అనే ఒక్క ముక్కతో తేల్చేస్తారు. మేము ఆ మాట ఒప్పుకోం. ఒక రోజు పనికి పోకపోతే ఇంట్లో ఏం ఆగిపోతుందో ఆమెకు బాగా తెలుసు. ఆమెకు లేనివి వేరే ఉన్నాయి: జీతంతో కూడిన సెలవు, దగ్గర్లో పరీక్ష, ముట్టుకుని చూసే డాక్టరు. ఈ చివరి మాట ఊరికే అనలేదు. యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం చాలా జబ్బుల్లో రోగి ఒంటి మీద చెయ్యి వేసి చూస్తేనే తేలుతుంది. ఆ సంగతి ఒక్కో జబ్బునూ తీసుకుని చూద్దాం.

గోలీకి పేరెలా వచ్చింది

మామూలు జలుబు వారం, పది రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. వైరల్ గొంతు నొప్పి వారంలో పోతుంది. జలుబు తర్వాత మిగిలే దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు. మనం డాక్టరు దగ్గరికి వెళ్లేది బాధ ఎక్కువైన మూడో రోజో, నాలుగో రోజో. ఆరో రోజుకు ఎలాగూ తగ్గాల్సిన జలుబు తగ్గుతుంది. పేరు మాత్రం మధ్యలో వేసుకున్న గోలీకి వస్తుంది. దానికి తోడు ఆ పూట పొడిచిన సూది చాలాసార్లు నొప్పి తగ్గించే మందో, స్టెరాయిడో అయి ఉంటుంది. మర్నాడు ఒళ్లు తేలికపడిందంటే అది సూది చేసిన పని. అది యాంటీబయాటిక్ గొప్పతనం కాదు.

తెమడ పచ్చగా, పసుపుగా పడితే యాంటీబయాటిక్ కావాలనే నమ్మకం చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. రంగును బట్టి బ్యాక్టీరియా ఉందో లేదో చెప్పలేం. వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాల వల్ల కూడా తెమడకు ఆ రంగు వస్తుంది. 2022లో భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కొద్దిపాటి జ్వరానికి, వైరస్ వల్ల వచ్చే దగ్గుకు యాంటీబయాటిక్ వద్దనే చెబుతున్నాయి.

ఎక్కడ వద్దు, ఎక్కడ కావాలి

గొంతు నొప్పిలో ఎక్కువ భాగం వైరస్ వల్లే. ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం కూడా ఉంటే దాదాపు అదే. కాని దగ్గు లేకుండా జ్వరం, గొంతులో తెల్లటి చీము మచ్చలు, మెడ ముందు భాగంలో ముట్టుకుంటే నొప్పి పుట్టే బిళ్లలు ఉంటే అది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. దానికి పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ చాలు. ఇక్కడ మందు మానేయడం కూడా ప్రమాదమే. ఈ బ్యాక్టీరియా వల్ల కొందరు పిల్లలకు, యువకులకు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఇరుకు గదుల్లో ఎక్కువ మంది కలిసి బతికే చోట ఇది ఎక్కువ. సంక్షేమ హాస్టళ్లలో ఉండే విద్యార్థులు గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది. ఈ తేడా తెలియాలంటే డాక్టరు నోరు తెరిపించి టార్చి వేసి చూడాలి, మెడ తడమాలి. బల్ల అవతల నుంచి చూస్తే తెలియదు.

దగ్గు, జ్వరంతో వచ్చిన పెద్దవాళ్లలో న్యుమోనియాను పట్టుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి, మాట తికమకపడటం, నిమిషానికి 30 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీయడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 65 ఏళ్లు దాటినవాళ్లలో ఇంకా తొందరపడాలి. ఇక్కడ యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది. ఇంటి దగ్గర వచ్చిన న్యుమోనియాకు, మందుకు బాగా తగ్గుతుంటే, 5 రోజుల కోర్సు సరిపోతుందని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది తెలియడానికి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాలి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాలి. రెండూ నిమిషాల్లో అయ్యే పనులే.

నీళ్ల విరేచనాలకు మొదటి మందు ఓఆర్‌ఎస్. మెడికల్ షాపులో విరేచనాలు అనగానే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన గోలీ తీసి ఇవ్వడం అలవాటుగా మారింది. చాలామందికి దాని అవసరం లేదు. విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, కలరా అనుమానం ఉన్నా డాక్టరు యాంటీబయాటిక్ రాస్తారు.

మూత్రంలో మంట, మాటిమాటికీ రావడం ఆడవాళ్లలో ఎక్కువ. పొలంలో, అడ్డా మీద, రోడ్లు ఊడ్చే చోట మరుగుదొడ్డి ఉండదు కాబట్టి నీళ్లు తాగడం తగ్గిస్తారు, మూత్రం ఆపుకుంటారు. ఇలా వచ్చే మామూలు ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ పనిచేస్తుంది. సాధారణంగా 5 రోజుల నైట్రోఫ్యురాంటోయిన్ గాని, ఒకే మోతాదు ఫాస్ఫోమైసిన్ గాని ఇస్తారు. అలవాటుగా ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌కు మన దేశంలో ఈ.కోలై బ్యాక్టీరియాలో పెద్ద భాగం లొంగడం లేదు. చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే కిడ్నీ దాకా పాకిందేమో చూడాలి. గర్భిణులకు, మగవాళ్లకు మూత్ర పరీక్ష చేయించాకే మందు నిర్ణయించాలి. ఇక్కడ మందు ఎంత ముఖ్యమో మరుగుదొడ్డి అంత ముఖ్యం.

చీము పట్టిన గడ్డకు అసలు వైద్యం కోసి చీము తీయడం. చీము లోపలే ఉంచి వారం రోజులు గోలీలు మింగితే ఫలితం తక్కువ. ఎర్రదనం చుట్టూ పాకుతున్నా, జ్వరం వచ్చినా యాంటీబయాటిక్ కావాలి. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండును మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. చెప్పుల్లేకుండా, చేతులకు తొడుగుల్లేకుండా చెత్త ఎత్తే కార్మికుల గాయాలన్నీ ఈ కోవలోవే.

కావాల్సిన మందు అందని జ్వరాలు

యాంటీబయాటిక్ మితిమీరడం గురించి అందరూ మాట్లాడతారు. సరైన యాంటీబయాటిక్ అందక పోయే ప్రాణాల గురించి తక్కువగా వింటాం. పొలం పనుల్లో, మురుగునీటి పనుల్లో ఉన్నవాళ్లకు వచ్చే రెండు జ్వరాలు అలాంటివి.

ఒకటి స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుడితే వస్తుంది. జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులతో మొదలై, వైద్యం ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కొందరిలో కనిపిస్తుంది. అది చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ముల కింద దాగి ఉంటుంది. బట్ట పక్కకు తీసి వెతికితేనే దొరుకుతుంది. దీనికి మందు డాక్సీసైక్లిన్, చాలా చవక. పెన్సిలిన్లు గాని, ఆసుపత్రుల్లో విరివిగా ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ గాని దీని మీద పనిచేయవు.

రెండోది లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో దిగినప్పుడు కాళ్ల మీది చిన్న చిన్న గాయాల గుండా ఒంట్లోకి వస్తుంది. వరి మడుల్లో, మురుగు కాలువల్లో పనిచేసేవాళ్లకు ముప్పు ఎక్కువ. పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, కొందరిలో కామెర్లు ఉంటాయి. దీనికి కూడా తొలి దశలో డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. కాబట్టి జ్వరమని వెళ్లినప్పుడు "ఏం పని చేస్తావు?" అని అడగని డాక్టరు సగం రోగాన్ని వదిలేసినట్టే.

ఈ జ్వరాలన్నిటికీ మన దగ్గర ఒకే పేరు పెడతారు, టైఫాయిడ్. ఒక్కసారి చేసిన విడాల్ పరీక్ష చూపించి రోజుల తరబడి సూదులు, సెలైన్లు ఎక్కిస్తారు. టైఫాయిడ్ లేకపోయినా ఆ పరీక్షలో పాజిటివ్ రావచ్చు. టైఫాయిడ్‌ను నమ్మకంగా తేల్చేది బ్లడ్ కల్చర్, అది కూడా యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీసిన రక్తంతో. వానాకాలంలో మలేరియా, డెంగీ పరీక్షలు ముందు చేయించాలి. డెంగీ వైరస్ జ్వరం, దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఆ అనుమానం ఉన్నప్పుడు పారాసిటమాల్ తప్ప ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు వాడకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

టీబీ సంగతి వేరుగా చెప్పాలి. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం, చికిత్స కాలంలో తిండి కోసం నెలకు రూ. 1,000 ఇస్తారు. ఈ పరీక్ష లేకుండా లీవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు ఇస్తే టీబీ కొన్నాళ్లు తగ్గినట్టు కనిపించి దాక్కుంటుంది. తర్వాత బయటపడేసరికి రోగం ముదురుతుంది, ఇంట్లో ఇంకొకరికి అంటుతుంది.

ముట్టుకోవడం అనే వైద్యం

ఇప్పుడు పైన చెప్పిన జబ్బుల్ని ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. గొంతులో చూడాలి, మెడ తడమాలి, ఛాతీ వినాలి, గడ్డ నొక్కాలి, చంకలో వెతకాలి. యాంటీబయాటిక్‌ను సరిగ్గా రాయడమంటే ముందు రోగిని ముట్టుకోవడం. గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు వైద్యం ఎలా అందుతోందో పరిశీలించి సంఘమిత్ర ఆచార్య 2010లో వెలువరించిన అధ్యయనం, వైద్య సిబ్బంది పిల్లల్ని ముట్టుకోవడంలో, మందులు చేతికివ్వడంలో వివక్ష చూపడాన్ని నమోదు చేసింది. అది ఆ రెండు రాష్ట్రాల కథే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. బల్లకు అవతల నిలబెట్టి "ఏమైంది?" అని అడిగి, జవాబు పూర్తికాకముందే చీటీ రాసే డాక్టర్ని చూడనివాళ్లు మనలో ఎంతమంది?

ముట్టుకోని డాక్టరుకు రోగం ఏమిటో తెలియదు. తెలియనప్పుడు దేనికైనా పనికొస్తుందని యాంటీబయాటిక్ రాస్తారు. అంటరానితనం ఇలా మందుల చీటీలోకి కూడా వస్తుంది. రోగులు కిటకిటలాడే ఆసుపత్రిలో, ఎవరినైనా రెండు నిమిషాల్లో పంపేయాల్సిన చోట, ఇదే తప్పు కులంతో పని లేకుండా కూడా జరుగుతుంది. అక్కడ కావాల్సింది డాక్టర్ల పోస్టులు నింపడం.

బిల్లు ఎవరికి పడుతోంది

పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ, దుకాణంలో మందు కొనుక్కుని తక్కువ మోతాదు వేసుకునే తెలియని మనిషి వల్ల సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా పోతాయని హెచ్చరించాడు. హెచ్చరిక నిజమైంది. బ్యాక్టీరియా మందులకు లొంగకపోవడం వల్లే 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. కాని ఆ 'తెలియని మనిషి' అంటే పేదవాడేనని లోకం అర్థం చేసుకుంది. లెక్కలు వేరే చెబుతున్నాయి.

2019లో మన దేశ ప్రైవేటు రంగంలో అమ్ముడైన యాంటీబయాటిక్స్ సుమారు 507 కోట్ల మోతాదులు. అందులో అన్నిటికంటే ఎక్కువగా పోయింది అజిత్రోమైసిన్ 500, ఆ తర్వాత సెఫిక్సిమ్ 200. ఈ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చేసిన వర్గీకరణలో 'జాగ్రత్తగా వాడాల్సినవి' అనే గుంపులో ఉన్నాయి. మొదట వాడాల్సిన గుంపులో ఉన్నవి అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, నైట్రోఫ్యురాంటోయిన్ లాంటి చవక మందులు. మన ఊరి దుకాణంలో ఏ మందు ముందు వరసలో ఉండాలో నిర్ణయించింది ఆ నాట్ల అక్క కాదు.

పటాన్‌చెరు సంగతి కూడా చూడండి. అక్కడి మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటకు వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. అది శుద్ధి చేశాక వదిలిన నీళ్ల సంగతి. అలాంటి నీళ్లలో మందుకు లొంగని బ్యాక్టీరియా మాత్రమే బతుకుతుంది, పెరుగుతుంది. వాగు పక్కన బతికేవాళ్లు ఏ గోలీ మింగకుండానే దాని ముందుకు వస్తారు. ఆసుపత్రి వార్డు ఊడ్చే, డ్రైనేజీలో దిగే కార్మికులు కూడా అంతే. వాళ్లకు ఇన్ఫెక్షన్ సోకి మామూలు మందు పనిచేయకపోతే, తర్వాతి మందు ఖరీదు వాళ్ల నెల జీతాన్ని మింగేస్తుంది.

సెలవు కూడా మందే

జలుబుకు అసలు వైద్యం విశ్రాంతి. ఆ అక్కకు దొరకనిది అదే. అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూస్తున్న కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమాకు పథకం తయారుచేసే పనిని ప్రొఫెసర్ అదార్కర్‌కు అప్పగించారు. ఆ పునాది మీదే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. దాని కింద అర్హత ఉన్న కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. జీతంలో ఈఎస్ఐ కోత పడుతున్న కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుల్లో ఈ సంగతి ఎంతమందికి చెప్పారు? వ్యవసాయ కూలీలకైతే ఆ చట్టమే వర్తించదు. జ్వరం వచ్చిన రోజు కూలి పోదనే భరోసా ఉంటే పవరున్న గోలీకి గిరాకీ సగం అక్కడే తగ్గుతుందని మా నమ్మకం.

మనం అడగాల్సినవి

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఈ మాటలు అడగండి, అమ్మకో అక్కకో తోడు వెళ్లినప్పుడు వాళ్ల తరఫున అడగండి. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చిందా, వైరస్ వల్లా? ఈ చీటీలో యాంటీబయాటిక్ ఏది, ఎన్ని రోజులు? రెండు రోజులు ఆగి చూస్తే ప్రమాదమా? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలి?

యాంటీబయాటిక్ అవసరమైతే రాసిన రోజులన్నీ వేసుకోవాలి, అర్ధ కోర్సు కొనకూడదు. డబ్బు సరిపోకపోతే ఆ మాట డాక్టరుకే చెప్పాలి, చవకైన మందు ఉండొచ్చు. మిగిలిన గోలీలు దాచి పక్కింటివాళ్లకు ఇవ్వకూడదు. అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫిక్సిమ్ లాంటి మందులు అమ్మితే దుకాణదారు ఆ వివరాలు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి.

సంఘాలుగా మనం చేయాల్సింది ఇంకొంత ఉంది. పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, ఓఆర్‌ఎస్ నిల్వ ఉన్నాయా, మలేరియా, డెంగీ, తెమడ పరీక్షలు జరుగుతున్నాయా అని వినతిపత్రం పెట్టి అడగాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగాలి. హాస్టల్‌లో జ్వరం వచ్చిన విద్యార్థిని డాక్టరు చూశారా, లేక వార్డెన్ బీరువాలోంచి గోలీ తీసి ఇచ్చారా అని అడగాలి. ఆర్‌ఎంపీని తిట్టి ప్రయోజనం లేదు. రాత్రి ఎనిమిదింటికి తలుపు తెరిచి ఉండేది ఆయనదే. పీహెచ్‌సీ తలుపు ఆ వేళకు ఎందుకు మూసి ఉంటుందన్నదే మన ప్రశ్న.

ఈసారి మీ ఇంట్లో ఎవరినైనా దవాఖానకు తీసుకెళ్లినప్పుడు ఒక సంగతి గమనించండి. డాక్టరు ముందు చెయ్యి వేసింది రోగి మీదా, చీటీ మీదా? చీటీ మీదే అయితే అక్కడే ఆగి, మర్యాదగానే, గట్టిగా అడగండి: "ముందు చూడండి సార్, తర్వాత రాయండి."